స్టోయిక్ తత్త్వం – మన నిత్యజీవితం

తెల్లవారకముందే రామసముద్రం పరిసర గ్రామాల నుంచి టమోటా క్రేట్లతో నిండిన బండ్లు మదనపల్లె మార్కెట్టు యార్డు వైపునకు సాగిపోవడం మనం నిత్యం చూసే దృశ్యమే. 2023వ సంవత్సరం జూలై నెలాఖరున ఆ యార్డులో కిలో టమోటా ధర దాదాపు 200 రూపాయలకు చేరింది. అదే యార్డులో కిలోకు రెండు మూడు రూపాయలైనా పలకక, కోతకూలీ బండి బాడుగా కూడా గిట్టక, రైతులు పంటను రోడ్డు ప్రక్కన పారబోసి ఉత్త క్రేట్లతో ఇల్లు చేరిన రోజులూ ఉన్నాయి. పండించిన చేయి ఒకటే, నేల ఒకటే, పడిన పాటు ఒకటే. ఫలితంలో మాత్రం భూమికి ఆకాశానికి ఉన్నంత అంతరం.

ఈ రెండు రోజులలోను నిలకడ తప్పని మనస్సుతో ఇల్లు చేరడం మానవునికి సాధ్యమా? సాధ్యమైతే ఆ నిలకడ పుట్టుకతో వచ్చేదా, అభ్యాసంతో వచ్చేదా? ప్రశ్న మనకు కొత్తగా తోచినా మిక్కిలి పాతది. సుమారు 2300 ఏండ్ల క్రిందట గ్రీసు దేశపు ఏథెన్సు నగరంలో కొందరు దీనిని తమ జీవితకార్యంగా స్వీకరించారు. వారు చెప్పిన సమాధానానికే స్టోయిక్ తత్త్వమని పేరు. దానిని మన కళాశాల విద్యార్థులకు పరిచయం చేసి, అందులో మనకు అక్కరకు వచ్చేదేదో, రానిదేదో మాకు తోచినంతమేరకు చెప్పడమే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

ఈ తత్త్వానికి మూలపురుషుడు జీనో. సైప్రసు ద్వీపంలోని కిటియం పట్టణవాసి. వర్తకుడు. ఓడ మునిగి సరుకంతా పోగా ఏథెన్సు చేరాడని, అక్కడ ఒక పుస్తకాల అంగడిలో సోక్రటీసును గురించిన గ్రంథం వినడంతో అతని బ్రదుకు మళ్ళిందని ప్రాచీనులు చెప్పుకొన్నారు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతాన అతడు బోధన ప్రారంభించాడు. బోధించడానికి అతనికి భవనం లేదు. నగర మధ్యంలో బొమ్మలు చిత్రించిన ఒక బహిరంగ మండపం ఉండేది. గ్రీకు భాషలో మండపాన్ని ‘స్టోవా’ అంటారు. ఆ మండపంలో కూడేవారు గనుక వారు స్టోయిక్కులైనారు. మన పల్లెలలో రచ్చబండ మీద జరిగే చర్చ వంటిదే అది కూడా. ఎవరైనా రావచ్చు, ఎవరైనా వినవచ్చు.

తరువాతి కాలంలో రోము సామ్రాజ్యంలో ఈ తత్త్వానికి ముగ్గురు ప్రముఖులు లభించారు. వారి స్థితిగతులు గమనింపదగినవి. సెనెకా నీరో చక్రవర్తికి గురువు, మంత్రి, కోటీశ్వరుడు. చివరకు ఆ శిష్యుని ఆజ్ఞకే క్రీ.శ. 65లో ప్రాణం విడిచాడు. ఎపిక్టీటస్ బానిస. కుంటివాడు. స్వేచ్ఛ పొందిన పిదప రోములో బోధిస్తూ, డొమీషియన్ చక్రవర్తి తత్త్వవేత్తలను వెడలగొట్టగా నికోపొలిస్ అనే ఊరు చేరి పాఠశాల నడిపాడు. అతడు స్వయంగా ఒక్క గ్రంథమూ వ్రాయలేదు. ఆరియన్ అనే శిష్యుడు పాఠాలు వ్రాసి ఉంచినందున అవి మనకు దక్కాయి. పాఠం చెప్పేటప్పుడు నోట్సు వ్రాయని మన సోదరులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మూడవవాడు మార్కస్ అరీలియస్, క్రీ.శ. 161 నుంచి 180 వరకు రోము చక్రవర్తి. ఏలుబడి కాలమంతా సరిహద్దు యుద్ధాలు, దేశాన్ని ఊడ్చిన మహమ్మారి, కన్నబిడ్డల మరణాలు. యుద్ధ శిబిరాలలో తనకు తాను చెప్పుకొన్న మాటలను అతడు గ్రీకు భాషలో వ్రాసుకొన్నాడు. బానిస పాఠాలను చక్రవర్తి చదివి దారి తెలుసుకొన్నాడన్నది చరిత్రలో అరుదైన విషయం.

ఇక తత్త్వంలోని కీలకానికి వద్దాం. ఎపిక్టీటస్ బోధ అంతా ఒక విభజన మీద నిలిచి ఉంది. లోకంలో కొన్ని మన అధీనంలో ఉన్నవి, కొన్ని లేనివి. మన నిర్ణయం, మన ప్రయత్నం, జరిగినదానిని గూర్చి మనం ఏర్పరచుకొనే అభిప్రాయం – ఇవి మనవి. ఒళ్ళు, ఆస్తి, పేరు, పదవి, ఇతరుల ప్రవర్తన – ఇవి పూర్తిగా మనవి కావు. మనవి కానివాటిని మనవిగా భావించి వాటి మీద సుఖాన్ని నిలబెట్టుకొన్నవాడు నిత్యం ఇతరుల చేతిలో బందీయే అని అతని వాదం. బానిసగా బ్రదికినవాడు ఈ మాట అనడంలో బరువు ఉంది.

టమోటా రైతుకే దీనిని అన్వయించి చూద్దాం. ఏ విత్తనం వేయాలి, నారు ఎక్కడ కొనాలి, ఏ పురుగుకు ఏ మందు ఎప్పుడు కొట్టాలి, ఉన్న పొలమంతా ఒకే పంట వేయాలా, కొంత మల్బరీకో రాగికో వదలాలా, కోసిన కాయను మదనపల్లెకు పంపాలా, సరిహద్దు దాటి కోలారు మార్కెట్టుకు పంపాలా – ఇవి అతని చేతిలో ఉన్నవి. వాన అతని చేతిలో లేదు. వేయి అడుగులు దాటి త్రవ్వినా బోరులో నీరు పడుతుందో లేదో అతని చేతిలో లేదు. ఢిల్లీలో, చెన్నైలో ఎంత సరుకు దిగిందో, వేలంపాటలో ఎవడు ఎంతకు పాడతాడో అసలే లేదు. తెల్లవారుజామున రెండు గంటలకు లేచి రేటు తలచుకొని నిద్ర కాచినందువల్ల రేటు పైసా పెరగదు. పోయేది నిద్ర మాత్రమే.

మా ఎరుకలోని ఒక పెద్దరైతును ఒకమారు అడిగాము: “చాచా, నిన్న కాయంతా పారబోసి వచ్చావే, ఈ రోజు మళ్ళీ మడికి నీళ్ళు కడుతున్నావే?” ఆయన పార ఆపకుండానే అన్నాడు: “రేటు మండీవానిది నాయనా. మడి నాది.” ఆయన ఎపిక్టీటస్ పేరు విన్నవాడు కాదు.

ఇక్కడ ఒక సందేహం రాక తప్పదు. ఫలితం మనది కాకపోతే ప్రయత్నం మాత్రం దేనికి? స్టోయిక్కులు దీనికి విలుకాని ఉపమానం చెప్పారు. రోమను రచయిత సిసెరో దానిని గ్రంథస్థం చేశాడు. విలుకాడు వింటిని సరిచూసుకోవాలి, గాలి వాటం గమనించాలి, గురి నిలపాలి, నారి చక్కగా లాగాలి. ఇంతవరకు అతని విద్య. బాణం వదలిన తరువాత గాలి త్రిప్పవచ్చు, గురి కదలవచ్చు. బాణం తగలాలని అతడు కోరుకొంటాడు. అయినా అతని విద్యను కొలవవలసింది వదలిన తీరును బట్టి. భగవద్గీత చదివినవారికి ఈ భావం పరాయిదిగా తోచదు. సబ్ర్, తవక్కుల్ అన్న మాటలు వింటూ పెరిగిన వారికీ తోచదు. అయితే అన్నీ ఒకటేనని చేతులు దులుపుకోవడం మాకు సమ్మతం కాదు. గీతలో కర్మఫలం ఈశ్వరార్పణం. తవక్కుల్‌లో భారం వేసేది కరుణామయుడైన దైవం మీద. స్టోయిక్కు తలవంచేది విశ్వాన్ని నడిపే బుద్ధికి. వారు దానినే దైవమన్నారు, ప్రకృతి అనీ అన్నారు. దారులు వేరు, నడిచేవాని కాళ్ళకు అబ్బే బలం మాత్రం చాలవరకు ఒకటి.

ఈ బోధను తప్పుగా అర్థం చేసుకొంటే వచ్చే కీడు తక్కువది కాదు. ‘నా చేతిలో లేదు’ అన్న మాట సోమరికి మంచి సాకు. అన్యాయం చేసేవానికి ఇంకా మంచి సాకు. మన మదనపల్లె ప్రక్కనే ఉన్న ఆరోగ్యవరం ఇందుకు తగిన పాఠం చెబుతుంది. 1915లో అక్కడ క్షయరోగుల ఆస్పత్రి వెలసిన నాటికి ఆ వ్యాధికి మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి పడక – ఇదే చికిత్స. నాటి రోగికి ఓర్పు తప్ప వేరే ఆయుధం లేదు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా పని మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చింది. 1959లో మదరాసులో జరిగిన పరిశోధన ఫలితాలు ప్రకటిస్తూ, సరిగా మందులు వాడితే ఇంటివద్ద ఉన్న రోగి కూడా ఆస్పత్రిలో ఉన్న రోగివలెనే కోలుకొంటాడని వైద్యులు నిరూపించారు. ఒక తరానికి చేతిలో లేనిది మరుసటి తరానికి చేతిలోకి వచ్చింది. కాబట్టి ఆ రెండింటి నడుమ ఉన్న గీత రాతి మీద చెక్కినది కాదు. దానిని జరపడమే విద్య చేసే పని. నేడు క్షయ సోకి, మందులు మధ్యలో మానివేసి, విధివ్రాత అనేవాడు స్టోయిక్కు కాడు, అవివేకి.

మన కళాశాల ఉర్దూ తెలుగు భాషల కూడలి గనుక మరొక కథ ఇక్కడ విపులంగా చెప్పాలని మా కోరిక. గ్రీకుల ఈ భావాలు ఇంగ్లీషు పుస్తకాల ద్వారానే మనకు వచ్చాయని చాలామంది భావన. వాస్తవం వేరు. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో అల్ కిందీ అనే మహాపండితుడు ఉండేవాడు. అరబ్బుల తత్త్వవేత్త అని అతనికి బిరుదు. దుఃఖాన్ని పోగొట్టుకొనే ఉపాయాన్ని గురించి అతడు అరబ్బీలో ఒక చిన్న గ్రంథం వ్రాశాడు. అందులో ఎపిక్టీటస్ చెప్పిన ఓడ ఉపమానం విస్తరించి కనిపిస్తుంది.

ఆ కథ సారాంశం ఇది. స్వదేశానికి పోతున్న ఓడ ఒకటి దారిలో ఒక ద్వీపం వద్ద ఆగింది. ప్రయాణికులు అవసరాలకోసం దిగారు. కొందరు పని ముగించుకొని వెంటనే తిరిగి వచ్చి విశాలమైన మంచి చోట్లలో కూర్చున్నారు. కొందరు పూలను చూస్తూ, పక్షుల కూతలు వింటూ కొంతసేపు నిలిచి వచ్చారు. వారికి కొంచెం ఇరుకు చోటు దొరికింది. మరికొందరు రంగు రాళ్ళు, గవ్వలు, పూలు మూటలు కట్టుకొని వచ్చారు. కూర్చోవడానికే చోటు లేనిచోట మూటలు ఎక్కడ పెట్టాలి? ఒడిలో పెట్టుకొన్నారు, నెత్తిన పెట్టుకొన్నారు. పూలు వాడి కుళ్ళి కంపు కొట్టాయి. చివరకు ఆ మూటలను సముద్రంలో పారవేయక తప్పలేదు. ఇంకొందరు అడవిలో లోలోపలికి పోయి నావికుని పిలుపే వినలేదు. ఓడ వెళ్ళిపోయింది. ద్వీపం అంటే ఈ లోకమని, పిలుపు అంటే ఏమిటో మేము విప్పి చెప్పనక్కరలేదు.

అదే గ్రంథంలో మరొక ముచ్చట. సికందరు తల్లికి వ్రాసిన ఉత్తరమట అది. తన మరణానంతరం పెద్ద విందు చేయమని, ఏ దుఃఖమూ ఎరుగనివారిని మాత్రమే పిలువమని అందులో ఉంది. విందు సిద్ధమైంది, ఒక్కరూ రాలేదు. తల్లికి బిడ్డ మాటలోని అర్థం తెలిసింది. బిడ్డను పోగొట్టుకొన్న కిసాగోతమిని చావులేని ఇంటినుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్న బుద్ధుని కథ మనకు తెలుసు. ఏ కథ ఎక్కడినుంచి ఎక్కడికి నడిచిందో పండితులు తేల్చుకోవలసిందే. దుఃఖానికి మాత్రం ఎల్లలు లేవు.

మనకున్నవన్నీ ఎరువు తెచ్చుకొన్న సొమ్ములని, ఇచ్చినవాడు అడిగితే తిరిగి ఇవ్వడంలో ఏడుపు తగదని కూడా కిందీ అంటాడు. ఎపిక్టీటస్ మాట కూడా ఇదే: పోయిందని అనవద్దు, తిరిగి ఇచ్చానని అను. మన ముస్లిముల ఇండ్లలో ‘అమానత్’ అన్న మాట ఎంత సహజంగా వాడతామో ఆలోచిస్తే ఈ భావం మనకు ఎంత దగ్గరిదో తెలుస్తుంది. కిందీ గ్రంథంలోని సారాన్ని 1030లో మరణించిన మిస్కవైహ్ తన నీతిశాస్త్రంలో చేర్చాడు. మిస్కవైహ్‌ను ఆధారం చేసుకొని నసీరుద్దీన్ తూసీ 1235లో పారసీకంలో అఖ్లాఖె నాసిరీ రచించాడు. ఆ గ్రంథం మొగలాయి దర్బారులో అక్బరు చదివించుకొని విన్నవాటిలో ఒకటి. ఈ విధంగా గ్రీకు బానిస మాట అరబ్బీ పారసీకాల మీదుగా మన దేశం చేరింది. ఇంగ్లీషువాని ఓడ అప్పటికి ఇంకా మన తీరానికి రాలేదు.

ఇప్పుడు విద్యార్థుల విషయానికి వద్దాం. అసలు ఈ వ్యాసం వ్రాయబూనడానికి కారణం ఇదే. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత కొద్ది దినాలలోనే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకొన్నారని పత్రికలు వ్రాశాయి. మరింత బాధాకరమైన విషయం, ఆ ఫలితాలలోనే తప్పులు దొర్లాయి. తప్పినవారి జవాబు పత్రాలను ప్రభుత్వం తిరిగి పరిశీలింపజేయగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులైనారు. ఒక కాగితం మీద ఎవరో వేసిన అంకె పట్ల అంత నమ్మకం, తన మీద తనకు అంత అపనమ్మకం ఆ పసివారిలో ఎవరు నాటారు? అందులో తల్లిదండ్రుల పాలు ఉంది, అధ్యాపకులమైన మా పాలు కూడా ఉంది. మార్కులను గురించి మేము మాట్లాడే తీరు, బోర్డు మీద ర్యాంకులు వ్రాసే తీరు అందుకు సాక్ష్యం.

విలుకాని ఉపమానాన్ని ఇక్కడ అన్వయించుకోవాలి. చదవడం, ప్రశ్నను సరిగా అర్థం చేసుకోవడం, సమయం పంచుకోవడం – ఇవి వింటి పని. హాలు దాటి బయటికి వచ్చిన తరువాత బాణం వదలినట్లే. మార్కులు తక్కువ వస్తే చేతిలో మిగిలేవి కూడా ఉన్నాయి: రీ-వెరిఫికేషన్‌కు దరఖాస్తు, సప్లిమెంటరీ పరీక్ష, దారి మార్చుకొనే స్వేచ్ఛ. ఇక్కడ మేము ప్రాచీనులతో విభేదించక తప్పదు. ప్రాణత్యాగాన్ని కొన్ని సందర్భాలలో గౌరవించదగినదిగా స్టోయిక్కులు తలచారు. ఆ అభిప్రాయాన్ని మేము అంగీకరించము. మనస్సు ఆ దారి పట్టినప్పుడు అది తత్త్వవిచారానికి సమయం కాదు, తోడు వెదకవలసిన సమయం. స్నేహితునికో, అమ్మకో, అధ్యాపకునికో చెప్పాలి. 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వం నడుపుతున్న టెలి మానస్‌కు 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. మన భాషలోనే మాట్లాడతారు.

తత్త్వం మాటలకేనా, కష్టంలో నిలుస్తుందా అనేవారికి ఒక ఉదాహరణ. జేమ్స్ స్టాక్‌డేల్ అమెరికా నౌకాదళ వైమానికుడు. విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపకుడు ఇచ్చిన ఎపిక్టీటస్ పుస్తకం చదివాడు. 1965 సెప్టెంబరు 9న వియత్నాంలో అతని విమానం కూలింది. కాలు విరిగింది. 1973 వరకు ఏడేండ్లకు పైగా హనోయి చెరలో గడిపాడు. ఆ యుద్ధంలో న్యాయం ఎటువైపు అన్నది వేరే చర్చ. సంకెళ్ళలో ఉన్నప్పుడు కుంటి బానిస మాటలే తనను నిలిపాయని అతడు అనేకమార్లు చెప్పాడు. ఆస్పత్రులలోను ఈ భావం ఉపయోగపడింది. 1950లలో ఆల్బర్ట్ ఎల్లిస్, 1960లలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యనిపుణులు, సంఘటనకంటె దానిని గూర్చిన మన తలపే మనలను ఎక్కువగా కలతపెడుతుందన్న స్టోయిక్ సూత్రం ఆధారంగా కొత్త చికిత్సా పద్ధతులు రూపొందించారు.

స్టోయిక్కు అంటే రాయి అని, నవ్వడు, ఏడవడు అని ఒక ప్రచారం ఉంది. అది పూర్తిగా నిజం కాదు. బాల్యంలో తనను పెంచిన గురువు మరణించగా మార్కస్ కంటతడి పెట్టాడట. రాజప్రాసాదంలోని వారు వారించబోతే అతని పెంపుడు తండ్రి ఆంటోనైనస్ చక్రవర్తి, అతణ్ణి మనిషిగా ఉండనివ్వమన్నాడట. మాకు ఈ ఘట్టం పెద్ద గ్రంథాలకంటె ప్రియమైనది. ఇక వారి లోపాలు లేకపోలేదు. మనుషులందరూ ఒకే కుటుంబమని చెప్పిన వీరు బానిసత్వాన్ని రద్దు చేయాలని ఉద్యమించలేదు. బానిసను దయతో చూడమని సెనెకా హితవు చెప్పాడు, విడిపించమని చట్టం కోరలేదు. లోపలి స్వేచ్ఛ గొప్పదే. బయటి సంకెళ్ళను చూసి ఊరకుండడానికి అది కారణం కారాదు. మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి అయితే ఇట్టి అభ్యాసాలను కూడా అనుమానంతో చూచేవాడు. మనస్సుకు ఒక పద్ధతి నేర్పడం దానికి కొత్త పంజరం కట్టడమేనని ఆయన ధోరణి. ఆయన మాటలో సత్యం ఉందని ఒప్పుకొంటూనే, పరీక్షల ముందు గుండె దడదడలాడే పిల్లవానికి పద్ధతి ఒకటి ఉండడం మేలని మేము భావిస్తాము.

ఆ పద్ధతిలో మాకు ఆచరణయోగ్యంగా తోచినవి రెండు. ఉదయం లేవగానే మార్కస్ ఆ రోజు ఎదురుకాబోయే మొండివారిని, కృతఘ్నులను ముందే తలచుకొనేవాడు. మదనపల్లె బస్సు ఎక్కేవారికి ఇది బాగా పనికివస్తుంది. బస్సు ఆలస్యం కావచ్చు, సీటు దొరకకపోవచ్చు, కండక్టరు చిల్లరకోసం విసుక్కోవచ్చు అని ఇంటివద్దనే అనుకొని బయలుదేరినవానికి దారిలో ఆశ్చర్యపడవలసింది తక్కువ. అనుకొన్నది జరగకపోతే అది లాభమే.

రెండవది రాత్రిపూట లెక్క. సెనెకా దీపం తీసివేసిన తరువాత, అతని అలవాటు ఎరిగిన భార్య మాటలు మానుకోగా, ఆ దినమంతా తాను చేసినది చెప్పినది ఏదీ దాచకుండా తనలో తాను విచారించుకొనేవాడు. ఎక్కడ కోపగించాను, ఎవరిని అవసరానికి మించి మందలించాను అని. తనను తాను తిట్టుకోవడం కాదు అది. ఇకమీదట అట్లు చేయవద్దని చెప్పి తనను క్షమించి నిద్రపోవడం. ఇస్లామీయ సంప్రదాయంలో దీనినే ముహాసబా అంటారు. కిందీ కాలంలోనే బాగ్దాదులో ఉన్న ఒక సూఫీ పెద్ద, 857లో మరణించినవాడు, ఈ ఆత్మవిచారణ వల్లనే ముహాసిబీ అని పేరు తెచ్చుకొన్నాడు.

దీనికి ఖరీదైన డైరీ కొనవలసిన పని లేదు. పైన చెప్పిన పెద్దరైతు మండీవారు ఇచ్చిన చీటీలను చూరులో దోపి ఉంచుతాడు. ముందువైపు క్రేట్ల లెక్క, రేటు, కమీషను. వెనుకవైపు ఆయన మనుమరాలి చేత వ్రాయించినవి ఉంటాయి: ఏ దినం మందు ఆలస్యంగా కొట్టాడో, ఏ మడికి నీరు ఎక్కువైందో, ఏ కూలిమనిషి మీద ఊరకే అరిచాడో. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నది. మేము చూడగోరితే ఆయన చీటీలు తీసి వెనుకవైపే ముందుగా చూపించాడు.